గాలి తాగిన జీపు

"ఒక్కరే వచ్చారేటండీ?"

ఆ సాయంత్రం పదకొండుమంది ఈ ప్రశ్న అడిగారు. లెక్కపెట్టాను. జీపు ఇసకలో ఆగిపోయినవాడికి అంతకన్నా పనేముంటుంది? వలలు భుజాన వేసుకుని వెళ్తున్నవాళ్ళు, సరుగుడు పుల్లల మోపులతో ఇంటిదారి పట్టిన ఆడవాళ్ళు, పీతల వెంట పడ్డ పిల్లలు, సైకిలు నడిపించుకుంటూ వచ్చిన ఒక ముసలాయన. జీపుకేమైందని ఎవరూ ముందు అడగలేదు. ఒక్కణ్ణే ఎందుకొచ్చానన్నదే వాళ్ళకి ముఖ్యం. నిజంగానే ఒక్కణ్ణని తేలాక ముఖాల్లో జాలి. ఇంట్లో పోట్లాడి వచ్చేశాననుకున్నారని నా అనుమానం. ముసలాయనైతే ఉండబట్టలేక అడిగేశాడు: "ఇంటికాడ అంతా బాగేనాండి?"

ఈ తగులాటమంతా మా మేనల్లుడి వల్ల. వాడు హైదరాబాదులో ఉంటాడు. ఒంటరిగా గుడారంలో ఒక రాత్రి గడిపితే మనిషి మారిపోతాడని ఫోనులో గంటసేపు చెప్పి, గుడారం కూడా వాడే పంపాడు. ఈ వయసులో మారాలని నాకేమీ లేదు. ఎవరూ ఏమీ అడగని రాత్రి ఒక్కటి దొరికితే బాగుండునని మాత్రం ఉంది. అందుకే పుష్యమాసం చలిలో, పున్నమి చూసుకుని బయల్దేరాను.

బయల్దేరాక గాని అసలు చిక్కు అర్థం కాలేదు. అటు గౌతమి, ఇటు వశిష్ఠ, నడుమ వైనతేయ, కింద సముద్రం. ఈ సీమలో కొండ లేదు, ఎత్తంటే వంతెనే. అడుగడుగునా కొబ్బరిచెట్టు, దాని నీడన అరటో కోకోనో, ఆ నీడన కుర్చీ వేసుకుని దాని యజమాని. గుడారానికి జాగా కావాలంటే గోదారి లంకలైనా ఉండాలి, సముద్రపు ఇసకైనా ఉండాలి. లంకలో కూడా ఎవరిదో ఒకరి కూరగాయల పాదు ఉంటుంది కనక అంతర్వేదే మేలనుకున్నాను. లైట్‌హౌస్ దాటి, వశిష్ఠ సముద్రంలో కలిసేచోటికి దగ్గర్లో ఆగాను. ఆ చోటుని అన్నాచెల్లెళ్ళ గట్టు అంటారు. పేరులోనే ఇద్దరున్నారు. ఒంటరివాడికి చోటు కాదని అప్పుడే తెలియాల్సింది.

నా జీపు గురించి చెప్పాలి. ఏపీ 5 నంబరు, డీజిలు ఇంజను, నాలుగు చక్రాలకీ గేరు పడే బండి. నా చేతికొచ్చేసరికే దానికి మూడు జన్మలు గడిచాయి. రెండు ఎన్నికల్లో మైకు కట్టుకుని తిరిగింది, లెక్కలేనన్ని పెళ్ళిళ్ళకి జనాన్ని మోసింది, కొన్నాళ్ళు రొయ్యల మేత బస్తాలు వేసుకుంది. వర్షమొస్తే లోపలా కురుస్తుంది. అమ్మెయ్యమని మా ఆవిడ ఏటా ఉగాదికి చెబుతుంది. ఉగాది పచ్చడిలాగే అదీ పుచ్చుకుంటాను.

దాని మీద నాకేం కోపం లేదు. కోపమంతా ఒక మెకానిక్కు మీద. ఊరూ పేరూ చెప్పను. ప్రయాణానికి నెల ముందు బండి ఆయన షెడ్డులో పెట్టాను. క్లచ్చి ప్లేటు మార్చాడు, బ్రేకు లైనింగులు మార్చాడు, నేను అడక్కపోయినా బంపరుకి నల్లరంగు కొట్టాడు. సీటుకి కొత్త రెగ్జిను వేయించాడు. డీజిలు ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపు పగుళ్ళిచ్చినట్టుంది, చూడమన్నాను. జానెడు పైపు. వేలితో నొక్కి, "ఇంకో ఏడాదికి ఢోకా లేదండి" అన్నాడు. బిల్లు మాత్రం ఒక పేజీ దాటి వెనక్కి తిరిగింది. మన దగ్గర ఇదొక జబ్బు. కనపడేది మారుస్తారు, రంగు కొడతారు, మెరుపు తెస్తారు, జానెడు రబ్బరు పైపు దగ్గర మాత్రం పొదుపు గుర్తొస్తుంది. వంతెనలకి సున్నాలు కొట్టడం చూశాను, రైలింగు ఊడిపోయి ఉండగా. కాలవ లాకులకి రంగులు వేయడం చూశాను, తలుపు కదలకుండా ఉండగా. ఆ నల్ల బంపరు ఎండలో మెరిసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఇప్పుడు రాస్తున్నా మండుతోంది.

గుడారం వేసుకున్నాను. టీ కాచుకుని సముద్రానికి ఇంకాస్త దగ్గరగా తాగుదామని జీపు కిందికి దింపాను. తడి ఇసకలోకి దిగిందో లేదో ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది. సెల్ఫు కొట్టాను. తిరిగింది గాని అందుకోలేదు. మళ్ళీ కొట్టాను. బ్యాటరీ గొంతు నీరసపడింది. ఈలోగా చక్రాలు నాలుగు వేళ్ళ లోతు దిగబడ్డాయి. జనం ఆ తరవాత మొదలయ్యారు.

సలహాలకి లోటు లేదు. ఒకాయన తొయ్యమన్నాడు, ఒకాయన తొయ్యొద్దన్నాడు. ఓ కుర్రాడు ట్యాంకు మూత తీసి లోపలికి చూసి, డీజిలుందని ధ్రువపరిచాడు. చివరికి ఒక సరంగు వచ్చాడు. చేపల బోటు మీద పనిచేసే మనిషి, యాభై దాటి ఉంటాయి. ఆయన కూడా "ఒక్కరేనాండి?" అన్నాడు గాని జవాబు కోసం ఆగలేదు. ఒక్కసారి సెల్ఫు కొట్టమని, తల పక్కకి వంచి విన్నాడు.

"డీజిలు తాగట్లేదండి. గాలి తాగుతుంది."

అంతే. షెడ్డులో దొరకనిది అరనిమిషంలో దొరికింది. ట్యాంకుకీ ఇంజనుకీ మధ్య పైపు పగిలితే డీజిలుతో పాటు గాలి లోపలికి వస్తుంది. నీళ్ళయినా డీజిలైనా గొట్టం నిండుగా ఉంటేనే పంపు తోస్తుంది. నడుమ గాలి బుడగ చేరితే పంపు ఆ బుడగనే నొక్కుతూ కూర్చుంటుంది. చేలల్లో ఇంజన్లు పెట్టి నీళ్ళు తోడినవాళ్ళకీ, బోటు నడిపేవాళ్ళకీ ఇది అక్షరాభ్యాసం. నడిసముద్రంలో ఇంజను గాలి తాగితే షెడ్డుకి తీసుకెళ్ళడానికి ఉండదు కదా.

పగిలిన కొసని చేపల కత్తితో కోసి, మిగతాది లాగి తగిలించి, సైకిలు ట్యూబు ముక్కతో బిగించి కట్టాడు. ఫిల్టరు నెత్తిన ఉన్న మరని రింగు పానాతో అర చుట్టు వదులు చేసి, చేతిపంపు బొటనవేలితో నొక్కడం మొదలుపెట్టాడు. మొదట ఉత్త బుసబుస. తరవాత ముంతలో కల్లులా నురగ. పాతికసార్లు నొక్కాక నురగ చచ్చి, తేటగా, సన్నటి ధార కట్టింది. అప్పుడు మర బిగించి చేతులు ఇసకతో తోముకున్నాడు. ఇంజను అందుకుంది. పిల్లలు ఈల వేశారు.

బండి కదల్లేదు. ముందు చక్రాల మధ్యనున్న లాకులు చేత్తో తిప్పితే గాని నాలుగు చక్రాల గేరు పనిచెయ్యదు. ఒకటి తిరిగింది, రెండోది ఉప్పుగాలికి పట్టేసింది. ఇన్నాళ్ళూ నేను గొప్పగా చెప్పుకున్నది రెండు చక్రాలకే గేరు పడే బండన్నమాట. "పున్నమి పోటండి, తొమ్మిదిలోపు ఇక్కడికొస్తుంది" అని సరంగు కెరటాలకేసి చూపించాడు. పిల్లలు పరిగెత్తి కొబ్బరి మట్టలు ఈడ్చుకొచ్చారు. చక్రాల కింద ఈనె అడ్డంగా పరిచి, టైర్లలో గాలి సగం తీసేసి, పదిమంది వెనక భుజం పెట్టారు. కనుమ నాడు జగ్గన్నతోటకి ప్రభల్ని పచ్చటి వరిచేల మీంచి తొక్కించి, కౌశిక నీళ్ళలోంచి దాటించే సీమ ఇది. వీళ్ళకి ఒక జీపు ఎంత! మూడో ఊపుకి గట్టెక్కింది. సరంగుకి డబ్బులిస్తే వద్దనలేదు, తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. అది నాకు నచ్చింది.

గుడారంలో మాత్రం పడుకోనివ్వలేదు. చలన్నారు, పురుగూ పుట్రా అన్నారు, అన్నిటికీ మించి "జనం ఏమనుకుంటారండి?" అన్నారు. సరంగు ఇంటి అరుగు మీద మంచం, వేడన్నం, పీతల పులుసు. వడ్డిస్తూ ఆయన భార్య అడిగింది: "ఏ ఆఫీసండి తవరిది?"

ఆఫీసేమిటన్నాను.

"క్యాంపుకొచ్చారని పిల్లలన్నారండి."

చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నిజమే, క్యాంపంటే మొన్నమొన్నటిదాకా మన భాషలో అదే కదా! గుడారమూ కాదు, ఏకాంతమూ కాదు. నాన్న క్యాంపుకెళ్ళారంటే ఆఫీసు జీపెక్కి ఊళ్ళు తిరగడానికి వెళ్ళారని. 1952లో సమాజాభివృద్ధి బ్లాకులొచ్చాయి, 1959లో పంచాయతీ సమితులొచ్చాయి. యుద్ధం కోసం అమెరికాలో పుట్టిన జీపు అప్పటికే బొంబాయిలో బిగింపుకొచ్చింది. మొత్తమ్మీద మా చిన్నతనానికి రాజోలు వీధిలో జీపు కనపడితే అది సమితిదో పోలీసులదో. నాన్న సమితిలో విస్తరణాధికారి. క్యాంపంటే ఆయన వెంట ఒక గ్రామసేవకుడు, ఇద్దరు సర్పంచులు, ఒక ఎరువు బస్తా, దారిలో చెయ్యెత్తిన బాలింత, ఆవిడ తల్లి. ఎనిమిది కిలోమీటర్లు దాటితేనే బత్తెం. అందుకని ఏ ఊరు ఎంత దూరమో నాన్నకి ఫర్లాంగులతో సహా నోటికొచ్చేది.

సెలవుల్లో నన్నూ ఒకటి రెండుసార్లు తీసుకెళ్ళారు. దిండి దగ్గర వంతెన లేని రోజులు. నరసాపురం వెళ్ళాలంటే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాలి. రెండు పడవలు జోడించి పైన చెక్కలు పరిస్తే పంటు. గట్టు నుంచి దాని మీదికి రెండు పలకలు, జీపు చక్రాలు పట్టేంత వెడల్పు, అంతే. డ్రైవరు అందర్నీ దించేసి, బండి వెనక్కి తిప్పి, వెనకనుంచే పంటు ఎక్కించేవాడు, అవతలి గట్టున ముందుకి దిగేలా. ఒక్కసారి కూడా పలకల వంక చూసేవాడు కాదు. ఎక్కించాక గేరులో ఉంచి, చక్రాల కింద ఇటుకలు పెట్టి, గోదారి నీళ్ళు కళ్ళకద్దుకునేవాడు. తాడు విప్పేవారు.

అప్పుడు నాన్న మమ్మల్నందర్నీ వదిలి పంటు అటు చివరికి వెళ్ళి, మాకు వీపు పెట్టి నిలబడేవారు. నది చూస్తున్నారనుకునేవాణ్ణి. నాన్నకి గోదారంటే అంత ఇష్టమని స్కూల్లో చెప్పాను కూడా. ఆ సమయంలో బానెట్టుకి ఆనుకుని డ్రైవరు బీడీ వెలిగించుకునేవాడన్నది నేను పట్టించుకోలేదు. ఆఫీసరు ఎదట తాగడు కదా. పొద్దున ఆరింటికి బండెక్కిన మనిషి. బీడీ చివరిదాకా కాలి, నీళ్ళలో పడి చుయ్‌మన్నాక గాని నాన్న ఇటు తిరిగేవారు కాదు.