శంషాబాదు వాన - మూసీ గట్టు

విమానమున హైదరాబాదునకు వచ్చువారు మొదట కాలు మోపునది శంషాబాదు నేలపైననే. 2008 మార్చిలో ఇచ్చట విమానాశ్రయము తెఱవబడినది మొదలు ఈ పల్లె పేరు దేశదేశములకు తెలిసినది. కాని అంతకు నూఱేండ్ల పూర్వమే ఈ పేరు ఒక ఘోరమైన వఱద కథలోని కెక్కినదని ఎఱిగినవారు కొలదిమంది. ఆ కథ తెలియుటకు ఏటి వెంట నడచుట మేలని తలచి, మా వాడకట్టు స్త్రీల మెనమండ్రము, ఇద్దఱు పిల్లలతో, కార్తికమాసమున ఒక ఆదివారము బయలుదేఱితిమి. తొందర కూడదు, అలసినచోట కూర్చుండవలెను, చూచినదానిని గూర్చి మాటలాడుకొనవలెను. ఇవియే మా నియమములు.

తెల్లవాఱుసరికి హిమాయత్‌సాగరము చేరితిమి. ఇది శంషాబాదునకు పొరుగు. మూసీకి ఉపనదియైన ఈసీ కడ్డముగా కట్టవేసి 1927లో దీనిని పూర్తిచేసిరి. నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పెద్దకుమారుని పేరు దీనికి పెట్టబడినది. నీటిమీద కొంగలు వ్రాలుచుండెను. వానికిపైన విమానములు ఎగురుచుండెను. చెట్టు నీడను జొన్నరొట్టెలు, పుంటికూర పచ్చడి విప్పి వనభోజనము కానిచ్చితిమి.

"మన కొళాయిలో వచ్చునవి ఈ నీళ్లేనా?" అని ఒక పిల్లవాడడిగెను. ఒకప్పుడు నగరమంతయు ఈ చెఱువును, గండిపేటలోని ఉస్మాన్‌సాగరమును నమ్ముకొని యుండెను. నేడు కృష్ణా, గోదావరి, మంజీరల నీరు దూరమునుండి తెచ్చుకొనుచున్నారు. అయినను ఈ రెండింటిని కట్టినది దాహము తీర్చుటకు మాత్రమే కాదు.

1908 సెప్టెంబరు నెలాఖరున ఈ ప్రాంతమున కుండపోతగా వాన కురిసెను. శంషాబాదులోని వానకొలతలో 24 గంటలలో 12.8 అంగుళములు, 48 గంటలలో 18.9 అంగుళములు పడినట్లు లెక్కకు వచ్చెను. నగరమునకు ఎగువను మూసీ పరీవాహమున 788 చెఱువులుండగా అందులో 221 తెగిపోయెను. ఒకదాని నీరు మఱొకదానిపై బడి, ఆ నీరంతయు సెప్టెంబరు 28న నగరముమీదికి దుమికెను. ఆ దినమున పదునైదువేలమంది చనిపోయిరని అంచనా. ఎందఱు తల్లులు బిడ్డలతో కొట్టుకొనిపోయిరో! తరువాత పిలువబడిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఈ వాన లెక్కలు చూచి, వఱదను ఎగువనే పట్టి నిలుపవలెనని చెప్పిరి. ఆ ఆలోచనకు ఫలముగానే 1920లో ఉస్మాన్‌సాగరము, పిదప ఇది వెలసినవి.

అచ్చటినుండి బండిలో లంగర్‌హౌజు పోయితిమి. ఈసీ మూసీలో కలియు చోటది; 1948లో గాంధీ మహాత్ముని అస్థికలు కలిపినందున బాపూఘాటు అందురు. మఱల బండియెక్కి పురానాపూలు వద్ద దిగి, ఇక నడక సాగించితిమి. ఈ వంతెనను ఇబ్రహీం కుతుబ్‌షా 1578లో కట్టించెను. హైదరాబాదు నగరమునకు పునాది పడినది 1591లో. అనగా ఊరికంటె వంతెన పదుమూడేండ్లు పెద్దది!

గట్టు వెంట తూర్పునకు నడువగా నది నల్లబడి, నురుగు గట్టి, దుర్గంధము కొట్టుచుండెను. మేమందఱము కొంగులు ముక్కులకడ్డము పెట్టుకొంటిమి. మాలో పెద్దామె నవ్వి, "ఎందుకే వదినె, ముక్కు మూసికొందువు? ఇవి మన వంటింటినుండి, స్నానపుగదినుండి వచ్చిన నీళ్లే గదా! ఉదయము చూచినదానికి దీనికి నడుమ నున్నది మనమే" అనెను. ఎవరును బదులు పలుకలేదు.

సిటీ కాలేజి, హైకోర్టు దాటి, నయాపూలు మీదుగా ఆవలిగట్టున ఉస్మానియా ఆసుపత్రికి చేరితిమి. ఈ మూడు భవనములును వఱద తరువాత కట్టినవే. ఆసుపత్రి ఆవరణలో ఒక ముసలి చింతచెట్టున్నది. 1908లో దానికొమ్మలెక్కి నూటయేబదిమందికి పైగా ప్రాణములు దక్కించుకొనిరని ప్రసిద్ధి. పిల్లలు చేతులు చాచి మొదలును కౌగిలింపబోయిరి, అందలేదు.

ఆ చెట్టు మాకు చెప్పిన పాఠమొకటి కలదు. శంషాబాదున వాన పడిన, దాని ఫలము ఇచ్చట అఫ్జల్‌గంజులోని ఇల్లాలికి తాకును. ఎగువ చెఱువులను పూడ్చినచో దిగువ ఇండ్లు మునుగును. అందుచేతనే 1996లో జంట జలాశయముల చుట్టును పది కిలోమీటర్ల మేర పెద్దకట్టడములు కూడదని ప్రభుత్వముత్తరువు చేసెను; 2022లో ఆ హద్దులను సడలించుటకు మఱొక ఉత్తరువు వెలువడగా వాదోపవాదములు చెలరేగెను. 2020 అక్టోబరు వానలకు హిమాయత్‌సాగరపు తలుపులెత్తి నీటిని వదలవలసివచ్చెను. నది తన త్రోవ మఱచిపోలేదు.

సోదరీమణులారా! ఇంటిస్థలము కొనునపుడు వెల యెంత, త్రోవ యెట్లని విచారింతుము. అది పూర్వము చెఱువుశిఖమా యని కూడ అడుగుడు. చలికాలమున ఒకపూట మీరును పిల్లలతో ఈ త్రోవన నడువుడు. మంచినీళ్లు తప్పక తీసికొనిపొండు. ఖాళీ సీసాలను మాత్రము ఏటిలో వేయక ఇంటికి మరల తెండు.