అండమాను యాత్రాసన్నాహము

పలాసలోఁ గాఁపురముండు మావంటివారికి సముద్రము పొరుగూరు వంటిది. తూర్పుగా బయలుదేఱి జీడితోఁటలు, కొబ్బరితోఁటలు, పనసచెట్లు దాఁటినచో గంటలోపలనే కెరటముల మ్రోఁత వినవచ్చును. అయినను ఆ నీటిమీఁద ఒక్క దినమైనఁ బ్రయాణము చేసిన యాఁడుది మా వీథిలో లేదు. కాశి, తిరుపతి, పూరి చూచినవారు కలరు. హైదరాబాదునఁ గొడుకుల యిండ్లలో ఆఱేసి నెలలు గడపి వచ్చినవారు కలరు. వీరందఱును రైలెక్కినవారే కాని ఓడ యెక్కినవారు కారు. అందుచేత మేము పదునైదవ పెండ్లినాఁటికి ఓడలో అండమాను దీవులకుఁ బోఁదలఁచితిమని తెలిసినప్పుడు విన్నవారు మొదట నవ్విరి. నవ్వు తీఱిన పిదప వారడిగిన ప్రశ్నలు మాత్రము నవ్వఁదగినవి కావు. నాలుగు మాసములుగా ఆ ప్రశ్నలకు సమాధానములు వెదకుటయే మాకుఁ బని యైనది. అట్లు తెలిసికొన్న సంగతులు సోదరీమణులలో నెవరికైన నుపయోగపడవచ్చునని వ్రాయుచున్నాము.

"కొబ్బరిచెట్లు చూచుటకు సముద్రము దాఁటవలెనా?" అని యెదురింటి పిన్నిగారు అడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని యిక్కడి పెద్దలు చెప్పుదురు. కాని 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవాఱుజామున తిత్లీ తుపాను పలాసకు సమీపముననే తీరము దాఁటినది. ఆ ఒక్క రాత్రిలో మా యుద్యానము నేలఁ గూలెను. మావారికిఁ బిత్రార్జితముగా వచ్చినది ఎకరమున్నర తోఁట. తెల్లవాఱి చూచునప్పటికి నిలిచియున్న కొబ్బరిచెట్లు పదునొకండు. జీడిమామిడిచెట్లు వేళ్లతోఁ బెల్లగిలి యొకదానిపై నొకటి పడియుండెను. జీడి మరల నాలుగైదేండ్లకుఁ గాని చేతికి రాదు. కొబ్బరి కంతకన్న నెక్కువ యోర్పు కావలెను. పదవ పెండ్లినాఁటికని కూడఁబెట్టుచున్న సొమ్ము క్రొత్తమొక్కలకును, కంచెకును, కూలికిని సరిపోయెను. ఆ పదవ యేఁడు, అనఁగా 2021 వైశాఖము, కరోనా రెండవమాఱు విజృంభించిన కాలము. సొమ్మున్నను గడప దాఁటెడివారము కాము. ఇప్పు డా మొక్కలు కాపునకు వచ్చినవి. మొదటి పంట జీడిపిక్కలమ్మిన డబ్బును ఇంటిఖర్చులోఁ గలుపక వేఱుగా నుంచితిమి. పిన్నిగారికి మేము చెప్పిన సమాధాన మిదియే: కొబ్బరిచెట్లు చూచుటకుఁ గాదు, కొబ్బరిచెట్లు మాకిచ్చినదానితోఁ బోవుచున్నాము.

ఇంకొక కారణము మాలో మేము చెప్పుకొనునది. కాళిదాసు రఘువంశము ఆఱవ సర్గమున ఇందుమతి స్వయంవరము కలదు. అందు సునంద కళింగప్రభువగు హేమాంగదుని జూపి, అతఁడు మహేంద్రగిరికి నేలికయనియు, ఆతని తీరమునఁ దాళవనములు మర్మరధ్వని చేయుననియు, ద్వీపాంతరములనుండి లవంగపుష్పములను మోసికొని వచ్చు గాలి యక్కడ చెమట యార్చుననియు వర్ణించును. చిన్నతనమున మా తండ్రిగారు ఆ సర్గము చెప్పునప్పుడు ఆ ద్వీపాంతరము లెక్కడివని యడిగెడివారము. ఆ కాలమున లవంగము మొలుక్కా దీవులలోఁ దప్ప పండెడిది కాదనియు, అవి అండమానులకును మిక్కిలి యావలివనియు ఇప్పుడు తెలియును. అయినను ఆ గాలి వచ్చు త్రోవలోనివే యీ దీవులు. అక్కడ నేఁడు లవంగమును జాజికాయయుఁ బండించుచున్నారు కూడ. ఆ మహేంద్రగిరియే మందసవైపున, వాన వెలిసిన యుదయములందు మాకు నీలముగాఁ గనఁబడుచుండును. ఇందుమతి హేమాంగదుని కాదని ముందునకు సాగినది. ఆమెకు ఓడప్రయాణ మిష్టము కాలేదేమో!

సముద్రయానము కలివర్జ్యములలోని దని జ్ఞప్తిచేసిన వృద్ధురాలును కలదు. నిజమే; కాని ఆ నిషేధము నెల్లరు నెఱిఁగియుండిన కాలముననే మన కళింగపట్టణము, బారువ, భీమునిపట్టణము, కోరంగి రేవులనుండి వేలకొలఁది జనము రంగూనునకుఁ బోయిరి. బర్మాలోఁ దెలుఁగువారికిఁ 'గోరంగీ'లని పేరు వచ్చుట యందుచేతనే. 1942లో జపానువారు బర్మాపైఁ బడినప్పుడు వారిలో ననేకులు అడవులలో నడచి తిరిగివచ్చిరి, ఎందఱో త్రోవలోనే పోయిరి. శాస్త్రము కన్న కడుపు పెద్దదని వారికిఁ దెలియును. మాకుఁ గడుపు నిమిత్తము కాక వేడుకకు ఓడ యెక్కు భాగ్యము కలిగినది. దీనిని దోషమనుటకు మాకు నోరు రాదు.

ఇఁకఁ గాలనిర్ణయము. ఉపాధ్యాయుని యింట సెలవులనుబట్టియే సమస్తమును. దసరా సెలవులు మొదటఁ దోఁచినవి. కాని పంచాంగమునకు బదులు తుపానుల పట్టిక చూడుఁడు: 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురమువద్ద, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణమువద్ద, 2018 అక్టోబరు 11న తిత్లీ మా యింటివద్ద. ఈ తేదీలు కంఠస్థమైనవారెవరును ఆశ్వయుజమున బంగాళాఖాతముపై విహారము తలపెట్టరు. సంక్రాంతి సెలవులు చాలవు. ఆ పండుగకు ఇల్లు విడుచుటయుఁ దగదు. మిగిలినది వేసవి. అండమానులకు నైరృతి ఋతుపవనము మనకన్న ముందుగా, మే మాసపు మూఁడవ వారమునకే చేరును. మా వివాహము వైశాఖ శుద్ధ దశమినాఁడు జరిగినది. ఈ యేఁడు ఆ తిథి ఏప్రిలు చివర, బడులు మూయఁగనే వచ్చుచున్నది. పెండ్లిముహూర్తము పెట్టిన మా తాతగారికి ఋతుపవనముల సంగతి తెలిసియే పెట్టిరాయని మావారు హాస్యమాడిరి. వైశాఖ మైనను నిర్భయమైనది కాదు. 2019 మే 3న ఫనీ తుపాను పూరివద్ద తీరము దాఁటినది. బయలుదేఱుటకు ముందు వారము దినములు వాతావరణపు హెచ్చరికలు చూచి, వాయుగుండమన్న మాట వినఁబడినచో మానుకొనుట యని నిశ్చయించుకొంటిమి.

విశాఖపట్టణమునకుఁ బలాసనుండి మూఁడు నాలుగు గంటల రైలు. అక్కడినుండి పోర్టుబ్లెయిరునకు సముద్రముపై సుమారు 1200 కిలోమీటరులు. ఈ పట్టణమునకు 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురమని పేరు పెట్టిరి. ఓడకు రెండున్నర దినములు పట్టును. చెన్నపట్టణమునుండియుఁ గలకత్తానుండియు ఓడలు తఱచుగా నున్నవి. విశాఖనుండి నెల కొక్కటి, అదియుఁ దప్పవచ్చును. తేదీలు బయలుదేఱుటకుఁ గొలఁది దినములముందు గాని తెలియవు. మన దేశీయులకు ఈ దీవులకుఁ బోవుటకుఁ బ్రత్యేకానుమతి యక్కఱలేదు. ఫొటోతోఁగూడిన గుర్తింపుపత్రము చాలును. టికెట్టులలో బంకు తరగతి మిక్కిలి చౌక. పెద్దహాలులో ఒకదానిపై నొకటిగా మంచములుండును, పదులకొలఁది జనము. సాహసయాత్ర యన్నపుడు బంకులోనే పోవలెనని మావారి పట్టు. సాహసము సముద్రముతోఁ జేయవచ్చును గాని మరుగుదొడ్లతోఁ జేయఁజాలమని మా వాదము. నలుగురైదుగురు పండుకొను గదిగల తరగతి తీసికొనుటకు రాజీ పడితిమి. వచ్చునప్పుడు విమానము, రెండు గంటలకుఁ గొంచె మెచ్చుతగ్గుగాఁ జెన్నపట్టణము చేర్చును.

మా వీథిలో ఓడ యెక్కినది లేదంటిమి గదా. మా యింటికిఁ గొబ్బరికాయలు తెచ్చు వజ్రపుకొత్తూరువైపు జాలరి స్త్రీ యొకతె రెండుమాఱులు పోయి వచ్చినదని ఈ మాటల సందర్భముననే తెలిసినది! ఇన్నేండ్లుగా మేము ఆమెను కాయ యెంతయని యడిగితిమే గాని, ఎక్కడెక్కడికిఁ బోయితివని యడుగలేదు. ఆమె రెండవ కొడుకు పదునొకండేండ్లుగా నక్కడ చేపలవేటకుఁ బోవుచున్నాఁడు. మన జిల్లానుండియు విశాఖతీరమునుండియు జాలరులును గూలివారును దశాబ్దములుగాఁ బోయి స్థిరపడుటచేత 2011 జనగణనలో ఆ దీవుల జనాభాలో నూటికిఁ బదుముగ్గురు తెలుఁగు మాతృభాషగాఁ గలవారు. "ఏటీ బయ్యం నేదు పంతులమ్మా. రెండు రేత్రులు కళ్లు మూసుకుంటే ఒడ్డొచ్చేస్తది" అని యామె ధైర్యము చెప్పినది. కడుపు త్రిప్పునప్పుడు గదిలోఁ బండుకొనక పైకి వచ్చి దూరముననున్న నీటిగీఁతను చూడవలెననియు, నీరు మాత్రము త్రాగి యుండక అటుకులో పేలాలో కొంచెము కొంచెము తినవలెననియు, అల్లపుముక్క బుగ్గనుంచుకొనవలెననియుఁ జెప్పినది. మఱియు కొడుకున కిమ్మని యొక మూటకు మమ్ము ఒప్పించినది. ఎండుచేపలు కావలెనని యామె కోరిక. మా పెట్టెలో అవి పట్టవని జీడిపప్పునకుఁ దెచ్చితిమి. దీవిలో చేపలకుఁ గొదువయా యనినచో, "మా ఊరి ఎండు వేరు" అని గట్టిగాఁ జెప్పినది. మందస కోవా కూడఁ గొనిపోవలెనని యుండెను గాని రెండున్నర దినములు సముద్రపు గాలికి నిలుచునది కాదు.

దీవులు 572 అని చెప్పుదురు. జనము నివసించునవి నలువదికి లోపు. మాకున్నవి యాఱు దినములు. మొదటఁ జూడవలసినది సెల్యులర్ జెయిలు. 1896లో మొదలిడి 1906లో ముగించిన యా చెఱసాలకు ఏడు రెక్కలు, వందలకొలఁది గదులు; ఒకరి మొగ మొకరికిఁ గనఁబడకుండఁ గట్టినవి. ఇప్పుడు మూఁడు రెక్కలే మిగిలినవి. అల్లూరి సీతారామరాజు అనుచరుఁడగు గాం మల్లుదొర అక్కడ శిక్ష యనుభవించి తిరిగివచ్చి, 1952లో మన విశాఖప్రాంతమునుండియే లోకసభకు ఎన్నికయ్యెను. మావారు పాఠము చెప్పు సంగతులివి. గోడ చూచి వచ్చి చెప్పిన పాఠము వేఱుగా నుండునని వారి నమ్మకము. రెండవది హావ్‌లాకు దీవి, 2018 డిసెంబరునుండి స్వరాజద్వీపము. అక్కడి రాధానగర తీరమున సూర్యాస్తమయము చూచుటకు దశమినాఁటి సాయంకాలము కేటాయించితిమి. ఉద్దానమున సూర్యుఁడు సముద్రమునుండి లేచుటయే చూతుము. సముద్రమున మునుఁగుట మే మెన్నఁడును జూచి యెఱుఁగము. అక్కడ సూర్యుఁడు మనకన్న అరగంటకుఁ బైగా ముందు నడచును, గడియారము మాత్రము మనదే. కావున సాయంకాలపు కాఫీ తొందరగాఁ ద్రాగవలెను. అద్దపు అడుగు గల పడవలోఁ గూర్చుండి పగడపుదిబ్బలు చూడవచ్చును. నీటిలోనికి దిగుట యింకను తేలలేదు. మాకు ఈత రాదు. తలకుఁ దొడుగు తగిలించి నడిపింతురని చెప్పుచున్నారు.

బారాటాంగు గుహలకుఁ బోవు రోడ్డు జారవా జనుల యడవిగుండఁ బోవును. బండ్లను గుంపుగా, కాపలాతో నడుపుదురు; నిలుపరాదు, ఫొటోలు తీయరాదు. ఇన్ని నిబంధనలు పెట్టవలసి వచ్చినదనఁగనే పోయినవారు ఎట్లు ప్రవర్తించిరో తెలియుచున్నది. ఒకరి పెరటిగుండ వారిని చూచుటకై పోవుట మాకు నచ్చలేదు, గుహలను విడిచితిమి.

ఇన్ని చెప్పి అసలు సంగతి చెప్పకుండుట తగదు. మా అత్తగారికి మూత్రపిండముల వ్యాధి. ఉద్దానమున నిది యింటింటి మాట. కారణమేదో శాస్త్రజ్ఞు లింకను తేల్చలేదు. 2023 డిసెంబరులోఁ బలాసలోఁ గిడ్నీ వ్యాధుల పరిశోధనకేంద్రమును, 200 పడకల యాసుపత్రియుఁ దెఱచిరి. హిరమండలపు జలాశయమునుండి త్రాగునీటి గొట్టములును వచ్చినవి. అత్తగారికి సోమవారము, గురువారము డయాలిసిసు. వంట యుప్పు లేక వేఱుగాఁ జేయవలెను, త్రాగు నీరు గ్లాసుతోఁ గొలిచి యీయవలెను. ఈ స్థితిలో మేము పోవుట యెట్లని యాత్రను మానుకొనుటకు సిద్ధపడి ఆమెకుఁ జెప్పితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, "తోట మళ్లీ కాచేదాకా ఆగేరు. ఇప్పుడు నేను బాగయ్యేదాకా ఆగుతామంటారా? ఇది బాగయ్యే జబ్బు కాదమ్మా. మీరు ఎప్పుడు వెళ్దామనుకుంటున్నారో నాకు తెలుసు, ఆ మాట నాచేత అనిపించకండి" అనెను. మావారు లేచి పెరటిలోనికిఁ బోయిరి.

టెక్కలినుండి మా యాడపడుచుగారు పది దినములు వచ్చి యుండుటకు ఒప్పుకొనిరి. గత నెలలో రెండు డయాలిసిసు దినములకు ముందుగా వచ్చి, సూదిపోటు తరువాత ఏ చేతితో బరువెత్తరాదో, ఏ మాత్రలు భోజనముతో వేయవలెనో చూచి వ్రాసికొనిరి. దీవులలో ఫోను పనిచేయును. 2020 ఆగస్టునుండి చెన్నపట్టణమునకు సముద్రగర్భపు తీగ కలదు. అవసరమైనచో విమానముపై ఒక దినములోఁ దిరిగి రావచ్చును. తిరుగుప్రయాణమునకు విమాన మెంచుకొనుటయు నందులకే. దారి లేనిది ఓడలోని రెండున్నర దినములు. తీరము దాఁటిన పిమ్మట ఏ కబురును మాకందదు, మేము పంపజాలము. ఓడ గురువారము సాయంకాలము బయలుదేఱినచో అత్తగారి చికిత్స ముగిసియుండును. సోమవారమునకు ముందే, ఆదివారమున, మేము దీవిలో దిగుదుము. ఇంతకన్న ననుకూలమైన యేర్పాటు తోఁచుట లేదు. కాని ఓడ గురువారమే బయలుదేఱునని యెవరు చెప్పఁగలరు?

వేఱొక దినమైనచో ఏమిచేయవలెనని మావారు రెండుమాఱు లడిగిరి. అత్తగారు క్యాలెండరు తెప్పించుకొని తమ సోమవారములకును గురువారములకును పసుపుతో బొట్లు పెట్టి గోడకుఁ దగిలించిరి. తేదీలు వెల్లడింతురను వారమున విశాఖలోని మా పెదతండ్రిగారి యబ్బాయి దినమును ఓడల కచేరికిఁ బోయి కనుఁగొనునట్లు చెప్పియుంచితిమి. తెలియఁగనే టెక్కలికి ఫోను చేయవలెను.