2–1: ఆ గెలుపు వల్ల ఏం ఒరిగింది?

2025 ఏప్రిల్ 3, ఐఎస్‌ఎల్ సెమీఫైనల్ తొలి లెగ్. జేఆర్‌డీ టాటా స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో మా జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ మోహన్ బగాన్‌ను 2–1తో ఓడించింది. వాళ్ల క్లబ్ 1889 నాటిది, మాది 2017లో పుట్టింది. పైగా ఆ సీజన్ లీగ్ షీల్డ్ వాళ్లదే. సివేరియో 24వ నిమిషంలో గోల్ కొట్టాడు. కమింగ్స్ ఫ్రీకిక్‌తో లెక్క సరిచేశాడు. ఇక డ్రానే అనుకుంటుండగా, 90 నిమిషాలు దాటాక హావి హెర్నాండెజ్ గెలిపించాడు. ఆ రాత్రి బిర్సానగర్‌లో నాకు నిద్ర పడితే ఒట్టు!

నాలుగు రోజులకే కోల్‌కతాలో 2–0తో ఓడాం. అపూయా గోల్ కూడా ఇంజురీ టైమ్‌లోనే. మొత్తం మీద 3–2, ఫైనల్ వాళ్లకు.

'మరి ఆ గెలుపు వల్ల ఏం ఒరిగింది?' అన్నారు ఇంట్లో. ప్రిలిమ్స్ దాటి మెయిన్స్‌లో ఆగినవాళ్లనూ ఇదే అడుగుతారు. ఆ మాటకొస్తే ఫుట్‌బాలే నయం, తొలి లెగ్ ఆధిక్యం రెండో లెగ్‌లో కలుస్తుంది. యూపీఎస్సీలో ప్రిలిమ్స్ మార్కులు మెరిట్ లిస్టుకు కలవవు. ఆ ఏడాది తప్పితే మళ్లీ ప్రిలిమ్స్ నుంచే మొదలు.

అయినా షీల్డ్ విజేతను ఓడించగలమని ఆ రాత్రి తేలిపోయింది. కోల్‌కతా ఫలితం దాన్ని చెరపలేదు. కటాఫ్ ఒకసారి దాటినవాళ్ల సంగతీ అంతే. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఆ దారి వాళ్లకు కొత్త కాదు.