పెద్దమ్మ వేళ్ళు

మా అల్లపల్లి వైపు పక్షవాతాన్ని ‘లకవా’ అంటారు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, అడవి దారిలో గోండి వినిపించే ఊరు. అందుకే జబ్బుల పేర్లు కూడా కలగాపులగమే. లకవా వచ్చిందని తెలియగానే చూడవచ్చిన వాళ్ళలో ఒకరు పావురం నెత్తురుతో మర్దనా చెయ్యమంటారు, మరొకరు ఫలానా ఊళ్ళో నాటుమందు ఇస్తారంటారు. వాళ్ళంతా వెళ్ళాక ఇంటివాళ్ళు మెల్లగా అడిగే ప్రశ్న ఒకటే: “మళ్ళా లేస్తదా?”

నాగపూరులో ముప్ఫయ్యేళ్ళు ఫిజియోథెరపిస్టుగా పనిచేశాను. ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఇది మా జిల్లా ప్రశ్న కూడా. డాక్టర్ రాణీ బంగ్, డాక్టర్ అభయ్ బంగ్ దంపతులు గడ్చిరోలిలో స్థాపించిన ‘సర్చ్’ సంస్థ వైద్యులు 2011 నుంచి 2013 దాకా 86 పల్లెల్లో జరిగిన మరణాలను పరిశీలించారు. 1,599 మందిలో 229 మంది పక్షవాతంతోనే పోయారు. అన్ని కారణాల్లోకీ అదే మొదటిది. వాళ్ళలో సగానికి కాస్త తక్కువగా ఆడవాళ్ళు. నూటికి 87 మంది కన్నుమూసింది ఇంట్లోనే. దాదాపు సగం మంది మొదటి నెల కూడా దాటలేదు.

మా పెద్దమ్మకు వచ్చింది 2022 చలికాలంలో. పెద్దనాన్న టేకు డిపోలో పనిచేసి పోయాక ఆవిడ ఒక్కతే ఉండేది. రాత్రి తొమ్మిదింటికి పడుకున్న మనిషి తెల్లారి ఎడమ చెయ్యి, కాలు ఆడక మంచం మీదే ఉండిపోయింది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. ఎప్పుడు మొదలైందో చూసినవాళ్ళు లేనప్పుడు ఆ గంటలు ఎక్కడినుంచి లెక్కపెడతారు? పైగా స్కాన్‌కు వెళ్ళాలంటే వంద కిలోమీటర్ల పైమాటే.

ఆడవాళ్ళు మూడు నెలల తర్వాత కూడా మగవాళ్ళకంటే ఎక్కువగా ఇతరుల మీద ఆధారపడుతున్నారని చాలా దేశాల్లో తేలింది. ఆడవాళ్ళ ఒంట్లో కోలుకునే శక్తి తక్కువని దీనర్థం కాదు. వాళ్ళకు ఈ జబ్బు మగవాళ్ళకంటే పెద్ద వయసులో వస్తుంది. గుండె లయ తప్పడం వల్ల వచ్చే పెద్ద దెబ్బలు వాళ్ళలో ఎక్కువ. అప్పటికే మోకాళ్ళు అరిగి ఉంటాయి, తోడు పోయి ఉంటాడు. ఇందులో పెద్దమ్మకు లేనిది గుండె జబ్బొక్కటే.

మంచిర్యాలలో ఉద్యోగం చేసే అన్నయ్య రెండో రోజే, “ఇల్లు అమ్మేసి అమ్మను తీసుకుపోతా. బేరం కూడా వచ్చింది” అన్నాడు. తప్పు పట్టలేం, వదినకూ ఉద్యోగమే. మూడో రోజు దాకా ఆగమన్నాను.

ఎందుకంటే, మూడు రోజుల్లోపు ఒళ్ళే కొంత చెబుతుంది. చేతివేళ్ళు కాస్తయినా తెరుచుకుని, భుజం కాస్తయినా పక్కకు లేస్తే, ఆరు నెలలకు ఆ చెయ్యి ఎంతో కొంత పనికి వచ్చే అవకాశం నూటికి 98 అని హాలెండు పరిశోధకులు 2010లో చెప్పారు. ఆ రెండూ లేకపోతే 25 మాత్రమే. నడకకైతే చూడవలసింది ఆనుకోకుండా కూర్చోవడం, కాలిలో బలం. పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు, మంచం అంచు చాలు.

మూడో రోజు పెద్దమ్మను లేపి కూర్చోబెట్టి చేతులు వదిలేశాను. ఊగింది గాని పడలేదు. కాలు జానెడు లేచింది. వేళ్ళు తెరవమంటే చాలాసేపు ఏమీ లేదు. తర్వాత బొటనవేలూ చూపుడువేలూ గింజెడు కదిలాయి. అన్నయ్య ముఖం చూడకుండా, “నడుస్తుంది. చెయ్యి మాత్రం మునుపటిలా అవుతుందని మాటివ్వలేను. మూడు నెలలు బేరం ఆపు” అన్నాను. అసలు మార్పంతా ఎక్కువగా ఆ మూడు నెలల్లోనే కదా.

“నన్నడగరేందిరా, ఇల్లు నాది” అంది పెద్దమ్మ. ఎడమ పక్క పడినా మాట పడలేదు.

మూడు నెలలకు చేతికర్రతో వాకిట్లోకి వచ్చింది. మా వృత్తిలో బార్తెల్ అనే లెక్క ఉంది. తినడం, స్నానం, మెట్లెక్కడం వంటి పది పనులకు నూరు మార్కులు. ఆవిడకు 90 వచ్చాయి. సంతోషంగా చెబితే, “జడ వేసుకోలేను, కుచ్చిళ్ళు పోసుకోలేను, రొట్టె కొట్టలేను. ఏం లెక్కనే నీది?” అంది. నిజమే, ఆ పదింటిలో వంట లేదు. వండి పెట్టిన చెయ్యికి అది చిన్న లోటా?

బేరం పోయింది, ఇల్లు ఉంది. పక్కింటి గోండు అమ్మాయి రాత్రిళ్ళు తోడు పడుకుంటుంది, జొన్నరొట్టెలు తనే చేస్తుంది. పెద్దమ్మ పక్కన కూర్చుని ఎడమచేత్తో పిండి గిన్నె అంచు పట్టుకుని, రొట్టె పగిలిందని వంకలు పెడుతూ ఉంటుంది.