దిల్‌సుఖ్‌నగర్‌లో సున్నం వేట

విజయవాడ రోడ్డున హైదరాబాదుకు వచ్చే ప్రయాణికుణ్ణి పట్నం ఎక్కడ మొదలవుతుందని అడగండి. చార్మినారు అనడు, కోఠీ అనడు. "ఎల్.బి. నగర్‌లో దిగాలండీ" అంటాడు. తెల్లవారుజామున కండక్టరు ఆ పేరు కేక వేసేసరికి సగం బస్సు ఖాళీ అయిపోతుంది. సూర్యాపేట వాళ్ళూ, కోదాడ వాళ్ళూ, బెజవాడ వాళ్ళూ ఎవరి బియ్యం మూట వారు, ఎవరి పచ్చడి జాడీ వారు దించుకుని కాలనీల్లోకి చీమల బారులా సాగిపోతారు.

యిక్కడ యిళ్ళు కట్టుకున్న వారిలో చాలామంది వెనకటికి యిలా మూటలతో దిగినవారే. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేర ఒక నగరం. తన పొలాన్ని ప్లాట్లు చేసి అమ్మిన దిల్‌సుఖ్ రామ్ గారి పేర దాని పొరుగునే మరో నగరం. రెంటికీ మధ్య మెట్రో రైలులో రెండే స్టేషన్లు. 2018 సెప్టెంబరులో ఆ రైలు యిటు వచ్చినప్పటినుంచి కింద రోడ్డుకు నీడ వచ్చింది గాని, రద్దీ మాత్రం తగ్గినట్టు నాకు కనిపించదు. బంగారం కొట్లు, చీరల కొట్లు, పోటీ పరీక్షల కోచింగు బోర్డులు, ఆడపిల్లల హాస్టళ్ళు, సాయిబాబా గుడి ముందు గురువారపు జనం — దిల్‌సుఖ్‌నగర్ అంటే యివన్నీ ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టుంటుంది.

మా అక్కయ్య యిల్లు ఆ హడావిడికి కొంచెం లోపలగా, సరూర్‌నగర్ చెరువుకు దిగువ కాలనీలో వున్నది. మా బావగారు రెండు గదులూ, వంటిల్లూ, వరండా వేసి, నేలకు తాండూరు బండలు పరిపించారు. ఆయన పోయి ఆరేళ్ళు. యిల్లు కట్టిననాడు గుమ్మం ఎక్కాలంటే రోడ్డు మీద నుంచి రెండు మెట్లు ఎక్కేవాళ్ళం. యిప్పుడు రెండు మెట్లు దిగాలి. సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేస్తూ పోతే రోడ్డు పెరిగింది, యిల్లు పెరగలేదు. 2020 అక్టోబరులో కుండపోత వానలకు చెరువు పొంగినప్పుడు యీ దిగువ కాలనీలన్నీ నీళ్ళలో మునిగాయి. అక్కయ్య యింట్లో మోకాలి లోతు నిలిచాయి. నీళ్ళు పోయినా గోడల్లో చెమ్మ పోలేదు. అడుగున ఉప్పు పొంగి, రంగు పొట్లు పొట్లుగా లేచింది.

మేనల్లుళ్ళు యిద్దరూ దూరాన వుద్యోగాల్లో వున్నారు. స్థలం బిల్డరుకు యిస్తే అపార్టుమెంటు లేస్తుంది, రెండు ఫ్లాట్లు వస్తాయి, అమ్మ హాయిగా మూడో అంతస్తులో వుంటుంది — యిది వారి లెక్క. లెక్కలో తప్పు లేదు. పెద్దవాడు ఫోనులో, "మామా, నువ్వే నచ్చజెప్పాలె. ఆ గోడలు చూసినవా?" అన్నాడు. అక్కయ్య మాత్రం, "పోరగాండ్లు అమ్మమంటున్రు తమ్మీ. గోడలు మంచిగుంటే అమ్మమనేటోళ్ళా? నాకు ఈ వాకిలి కావాలె," అన్నది. అంతకుముందే ఒక రంగుల కాంట్రాక్టరు వచ్చి చూసి, పుట్టీ పెట్టి, చెడ్డ గోడలకు ప్లాస్టిక్ పలకలు బిగించి రంగు వేస్తాననీ, అరవై అయిదు వేలవుతుందనీ చెప్పి వెళ్ళాడట. అక్కయ్య పింఛనుకు ఆ మొత్తం నాలుగు నెలల భత్యం.

పుట్టీ, పలకలు గోడను కప్పుతాయి, ఆరనివ్వవు. యీ సంగతి అనుభవమున్న ఏ మేస్త్రీ అయినా చెబుతాడు. ముందు తేలవలసింది నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయన్నది. అందుకు పైసా ఖర్చులేని పరీక్ష ఒకటి వున్నది. చదువరులు కూడా చేసి చూడవచ్చు. జానెడు ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగు అంచులా టేపుతో అంటించి ఒకటి రెండు రోజులు వదిలెయ్యండి. కాగితం లోపలి వైపు, అంటే గోడ వైపు, నీటి బొట్లు కడితే తేమ గోడలోనిది. బయటి వైపు కడితే అది గదిలోని గాలి తేమ, కిటికీలు తెరవడమే దానికి మందు. మేము నాలుగు చోట్ల అంటించాం. మూడు చోట్ల లోపలే తడిసింది.

యింటి చుట్టూ తిరిగి చూస్తే కారణాలు దాక్కోలేదు. డాబా మీద ట్యాంకు నిండినప్పుడల్లా పొర్లే నీరు, ఒక విరిగిన గొట్టంలోంచి సరిగ్గా పడకగది గోడ మొదట్లో పడుతున్నది. వెనక వైపు తులసి కోట పక్కన పోసిన మట్టి, లోపలి నేలకంటే మూరెడు ఎత్తుగా గోడకు ఆని వున్నది. గొట్టానికి ఒక ఎల్బో, రెండు మూరల పైపు వేసి నీటిని కాలవలోకి మళ్ళించాం. నూట ఎనభై రూపాయలయింది. మట్టిని రెండు ఆదివారాలు తవ్వి ఎత్తిపోశాం. దానికి ఖర్చు నా నడుము నొప్పి మాత్రమే. పొంగిన ఉప్పును పొడి బ్రష్షుతో దులిపాం. తడిగుడ్డ పెడితే ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. లేచిన పాత రంగంతా గీకి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా తలుపులు తెరిచి పెట్టి గోడలను ఎండకూ గాలికీ అప్పగించాం. చూసేవారికి యిది పనిలా కనిపించదు గాని, మొత్తం పనిలో ముఖ్యమైన భాగం యిదే.

ఆ తరువాత సున్నం కావలసి వచ్చింది. రంగు వద్దు, సున్నమే వేద్దామన్నది అక్కయ్య. సున్నం గోడకు వూపిరి ఆడనిస్తుంది. లోపల మిగిలిన తేమ దానిగుండా బయటికి పోతుంది. క్షారం కాబట్టి బూజు కూడా అంత తేలికగా పట్టదు. 1591లో కట్టిన చార్మినారుకు పట్టించింది కూడా సున్నపు గచ్చే.

సరే, దిల్‌సుఖ్‌నగర్‌లో మొదలుపెట్టాను. మొదటి హార్డువేరు దుకాణంలో గోడంత రంగుల పట్టిక వున్నది. గులాబీలోనే పదహారు రకాలు! సున్నం లేదు. రెండో చోట దుకాణదారు నన్ను ఎగాదిగా చూసి, "సున్నం ఎవలేస్తున్రు సార్ ఇప్పుడు? చెట్ల మొదళ్ళకేయనీకా?" అన్నాడు. చైతన్యపురి దాటి కొత్తపేట దాకా నడిచాను. ఒకప్పుడు యిక్కడి పండ్ల మార్కెట్టు దగ్గరికి వస్తున్నామని కళ్ళకంటే ముందు ముక్కు చెప్పేది. వేసవి అంటే రోడ్డు పొడుగునా మామిడిపండ్ల వాసన. మార్కెట్టు బాటసింగారం తరలిపోయింది. ఆ స్థలంలో పెద్దాసుపత్రి కట్టడానికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. అన్నట్టు, వెనకటి రోజుల్లో ఆపిల్ పండ్లు చెక్క పెట్టెల్లో వచ్చేవి. ఖాళీ పెట్టెలు చవకగా అమ్మేవారు. యీ చుట్టుపట్ల ఎంతమంది పిల్లల తొలి పుస్తకాల బీరువా ఆ పెట్టెలో చెప్పలేను. అక్కయ్య యింట అటకమీద అటువంటివి యింకా రెండున్నాయి.

చివరకు ఎల్.బి. నగర్ చౌరస్తాకు కాస్త యివతల, సందులో, సిమెంటూ యిసుకా అమ్మే చిన్న కొట్టులో దొరికింది రాళ్ళ సున్నం. ముసలాయన మూత డబ్బాలోంచి తీసి తూచి యిచ్చాడు. పది కిలోలు రెండు వందల లోపే. "నీళ్ళల్ల సున్నం ఎయ్యాలె బిడ్డా, సున్నం మీద నీళ్ళు పొయ్యద్దు," అని రెండుసార్లు చెప్పాడు. ఎందుకంటే సున్నపు రాయి నీటిలో పడగానే బుసబుసలాడి వుడుకుతుంది. మీద నీళ్ళు పోస్తే చిమ్మి కళ్ళలో పడుతుంది. ప్లాస్టిక్ బకెట్టు పనికిరాదు, యినప డ్రమ్ము కావాలి. చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు వుండాలి, చంటిపిల్లలు దరిదాపుల్లో వుండరాదు.

ఉడికిన సున్నాన్ని నాలుగు రోజులు నాననిచ్చి, గుడ్డలో వడగట్టి, మజ్జిగంత పలచగా కలిపాం. చిక్కగా వేస్తే త్వరగా అవుతుందనుకునేవారున్నారు. చిక్కగా వేసింది పెచ్చులూడుతుంది. నానబెట్టిన తుమ్మబంక కొంచెం, నీలిమందు చిటికెడు చేర్చాం. కొందరు గుప్పెడు ఉప్పు కూడా వేస్తారు. అసలే ఉప్పు పొంగిన గోడలకు అది వద్దన్నాను. గోడను ముందు నీళ్ళతో తడిపి, పూతకూ పూతకూ మధ్య ఒక రోజు వదిలి మూడు పూతలు వేశాం. మొదటి పూత పచ్చిగా వున్నప్పుడు గోడ మీద ఏమీ కనబడదు. అక్కయ్య కంగారుపడి, "ఇదేందిరా, ఉత్త నీళ్ళు పూసినట్టున్నది," అన్నది. ఆరేకొద్దీ తెలుపు లోపలినుంచి వచ్చినట్టు పైకి తేలుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని సున్నం మళ్ళీ రాయిగా మారుతుంది మరి. (నూనె రంగో, ప్లాస్టిక్ రంగో వున్న గోడ మీద యిది నిలవదు, ఆ రంగు పూర్తిగా గీకవలసిందే.)

యీ యింటి మహత్యమేమంటే, గోడ మీద సున్నం, కింద తాండూరు బండ, బోరు నీళ్ళ వల్ల కుళాయిలకు పట్టిన తెల్లటి చార — మూడూ ఒకే కుటుంబం. గోడ మీద వుంటే అందం, కుళాయి మీద వుంటే మురికి. కుళాయికి నానబెట్టిన చింతపండు గుజ్జు పట్టించి, అరగంట తరవాత కొబ్బరి పీచుతో తోమితే చార వదిలింది. వదిలించిన ఆ పులుపే నేల మీద పడితే బండ మెరుపును తినేస్తుంది. బజారులో అమ్మే యాసిడ్‌తో బండలు కడిగేవారిని చూస్తే నాకు ప్రాణం వుసూరుమంటుంది. వాటికి గోరువెచ్చని నీళ్ళూ, కాస్త సబ్బూ చాలు.

మిగతావి చిల్లర పనులు. పాత పోచంపల్లి చీరలు రెండు కిటికీ తెరలయ్యాయి. అటకమీది ఆపిల్ పెట్టెలకు గరుకు కాగితం పట్టించి, వంటింట్లో పోపు డబ్బాల అరలుగా నిలబెట్టాం. టేకు తలుపుకు అవిసె నూనె రాశాం. నూనె తుడిచిన గుడ్డలు వుండలు చుట్టి మూలన పడెయ్యకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు; విప్పి ఆరబెట్టాలి. గుమ్మానికి అక్కయ్య తనే జాజు పూసి, ముగ్గు పెట్టుకున్నది. అన్నీ కలిపి మూడు వేలకు ఒక వంద తక్కువ.

మేలో పెద్ద మేనల్లుడు వచ్చాడు. గదులన్నీ తిరిగి, గోడ మీద అరచెయ్యి ఆనించి చూసి, చేతికంటిన తెలుపును తల్లి కొంగుకు తుడిచాడు, చిన్నప్పటిలాగే. బిల్డరు సంగతి ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం గేటు దగ్గర నాతో, "మామా, గోడ మంచిగైంది. మరి రోడ్డు?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. చెరువు మళ్ళీ పొంగితే సున్నం ఆపదు. అక్కయ్య బిల్డరుకు వచ్చే సంక్రాంతి దాకా గడువు చెప్పింది.

యీ వానలకు పడకగదిలో ఒకచోట అరచేతి వెడల్పున మరక లేచింది. మిగిలిన సున్నం పెరట్లో కుండలో నీళ్ళ కింద వున్నది. అలా వుంచితే ఏళ్ళ తరబడి చెడదు. వానలు వెనకపట్టగానే ఆ మరక మీద రెండు పూతలు వెయ్యాలి, కుంచె కడిగి వుంచమని అక్కయ్యకు చెప్పాను.