ఎవరోళ్లని అడగని బల్ల

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయము; గలతీయులకు 2:11-14



నందికొట్కూరులో పొద్దు వాలితే చాలు, రోడ్డు పక్కన ఎర్ర బోర్డుల మీద దీపాలు వెలుగుతాయి. 'చైనీస్ ఫాస్ట్ ఫుడ్' అని రాసి, పక్కన నోరు తెరిచిన డ్రాగన్ బొమ్మ వేసి ఉంటుంది. కొన్ని తోపుడు బండ్లు, కొన్ని నాలుగు బల్లలు పట్టే చిన్న గదులు. గ్యాసు పొయ్యి హోరుమంటుంటే మాస్టర్ ఇనుప బాణలిలో క్యాబేజీ, క్యారెట్, ఉల్లికాడలు వేసి ఎగరేస్తాడు. ముందే ఉడికించి నూనె పట్టించిన నూడుల్స్ గుప్పెడు తీసి వేస్తాడు. సోయా సాస్, వెనిగర్, మిర్చి సాస్, మూడు సీసాలూ ఒకదాని వెంట ఒకటి వంచుతాడు. మనం కూర్చుని మంచినీళ్లు తాగే లోపల ప్లేటు ముందుకొస్తుంది.

మా ఇంట్లో పిల్లలు అడిగేది ఎగ్ నూడుల్స్, మా ఇంటావిడ అడిగేది గోబీ మంచూరియా. ఫ్రైడ్ రైస్ అంటే మన సోనా మసూరి బియ్యమే. కారం మన కారమే. జొన్నరొట్టె, సంగటి తిని పెరిగిన సీమ మనది. అయినా ఇప్పుడు పగిడ్యాల నుండి, మిడుతూరు నుండి, జూపాడుబంగ్లా నుండి పని మీద వచ్చినవారు బస్సెక్కే ముందు ఒక ప్లేటు నూడుల్స్ తిని, మరొకటి పార్శిల్ కట్టించుకుని పోతున్నారు.

ఒక సహోదరుడు నవ్వుతూ మమ్మల్ని అడిగాడు, "అయ్యగారూ, ఇది యాడి తిండి? మనం తినొచ్చునా?" అని. నవ్వులాటకు అడిగినా ఆ ప్రశ్నను మేము తేలికగా తీసుకోలేదు. ఆ తిండి ఎక్కడిదో తెలిస్తే, అది మనకు ఎంత దగ్గరిదో కూడా తెలుస్తుంది.

చైనా నుండి వచ్చినవారు మన దేశంలో మొదట స్థిరపడింది కలకత్తా ప్రాంతంలో. 18వ శతాబ్దం చివర, వారన్ హేస్టింగ్స్ బెంగాలును ఏలుతున్న రోజులలో, టాంగ్ అచ్యూ అనే ఆయన అక్కడ భూమి పొంది చక్కెర మిల్లు పెట్టాడు. ఆయన పేరు మీదనే ఆ ఊరు అచీపూర్ అయింది. ఆ తరువాత కాలంలో వచ్చినవారిలో హక్కా అనే జనం ఉన్నారు. 'హక్కా నూడుల్స్' అని బోర్డు మీద చదువుతామే, అది వారి పేరే. కలకత్తా శివారున టాంగ్రా అనే చోట వీరు ఏ పని చేసి బ్రతికారో తెలుసా? పచ్చి తోళ్లు కొని, నానబెట్టి, శుద్ధి చేసే పని. పెద్ద కులాలవారు ముట్టని పని. వాసనకు భయపడి ఎవరూ దగ్గరికి రాని పని. పరదేశులకు ఆ చోటే దొరికింది, ఆ పనే దొరికింది.

1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు వీరి మీద ఇంకొక దెబ్బ పడింది. ఇక్కడే పుట్టి పెరిగినవారిని కూడా అనుమానించారు. సుమారు 3,000 మందిని రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో నిర్బంధించారు. వారిలో ముసలివారు ఉన్నారు, పసిపిల్లలు ఉన్నారు. విడుదలయ్యాక చాలామంది దేశం విడిచి వెళ్లిపోయారు. మిగిలినవారు ఏమి చేశారు? తమను అనుమానించిన మనుషులకే వండి పెట్టారు. 1990లలో తోళ్ల పరిశ్రమలను అక్కడినుండి తరలించాలని కోర్టు ఆదేశించాక టాంగ్రాలో హోటళ్లు ఇంకా పెరిగాయి. కలకత్తాలో పుట్టిన చైనా సంతతివాడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయిలో పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లితో మొదలుపెట్టి, గరం మసాలాకు బదులు సోయా సాస్ వేసి చేసిన వంటకమే చికెన్ మంచూరియా అని చెబుతారు. అంటే మనం తినే మంచూరియా చైనాలో పుట్టినది కాదు. మన దేశపు నాలుక రుచి ఎరిగిన ఒక పరదేశి బిడ్డ మన కోసం చేసినది.

ప్రియులారా, తోళ్ల పని అనగానే మాకు యొప్పే పట్టణం జ్ఞాపకం వచ్చింది. పేతురు యొప్పేలో ఎవరి ఇంట బస చేశాడు? సీమోను అనే చర్మకారుని ఇంట. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయము చివరి వచనం చూడండి. చచ్చిన జంతువును ముట్టినవాడు సాయంకాలం వరకు అపవిత్రుడని ధర్మశాస్త్రం నేర్చుకుని పెరిగిన యూదుడు పేతురు. ఆ పేతురు చర్మకారుని ఇంట దిగాడు, చాలా దినాలు ఉన్నాడు. ఆ ఇంటి మిద్దె మీదనే, మధ్యాహ్నం, ఆకలి వేసి భోజనం కోసం ఎదురుచూస్తున్నప్పుడే ఆకాశం నుండి దిగివచ్చిన దుప్పటి దర్శనం కలిగింది. దేవుడు ఆ దర్శనాన్ని యెరూషలేము దేవాలయంలో ఇవ్వగలడు. తోళ్లు ఆరవేసే ఇంటి మిద్దె మీద ఇచ్చాడు. అక్కడినుండి లేచి పేతురు అన్యుడైన కొర్నేలీ గడప దాటాడు. యెరూషలేముకు తిరిగి వెళ్లినప్పుడు అతని మీద వచ్చిన నింద ఏమిటి? సున్నతి పొందనివారితో కూర్చుని భోజనం చేశావు అన్నదే. బోధ చేసినందుకు ఎవరూ తప్పు పట్టలేదు, కలిసి తిన్నందుకు పట్టారు.

మన తెలుగు సంఘ చరిత్రలోనూ ఇటువంటి మిద్దె ఒకటి ఉంది. 1860లలో ఒంగోలు ప్రాంతంలో, తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ సహోదరుడు. ఆయన ప్రభువును నమ్ముకుని తన ఊరివారికి చెప్పాడు. అప్పుడు ఒంగోలులో పెద్ద కులాలవారు జాన్ క్లౌ దొరగారి దగ్గరకు వచ్చి, వీళ్లను చేర్చుకుంటే మేము రాము, మా పిల్లలను బడికి పంపము అన్నారు. దొరగారు ఒక గదిలో, దొరసానిగారు మరొక గదిలో బైబిలు తెరిచారు. ఇద్దరికీ కనబడినది ఒకటే భాగము, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయము చివరి వచనాలు. లోకం ఎన్నికలేనివారిగా ఎంచినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగమది. వారు తలుపు తెరిచే ఉంచారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. పెద్దలు వెళ్లిపోతారని భయపడి ఆ రోజు తలుపు మూసి ఉంటే, మనలో చాలామంది తాతముత్తాతలకు సువార్త అందేదేనా?

ఇప్పుడు మన ఊరి బల్ల దగ్గరకు వద్దాము.

కొన్ని నెలల క్రితం యవనస్థుల కూడిక అయ్యాక పిల్లలు మమ్మల్ని నూడుల్స్ తినడానికి పిలుచుకుపోయారు. డెబ్బై దాటిన ఒక సంఘ పెద్ద కూడా మాతో వచ్చారు. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాము. ఆయనకు ఫోర్కు పట్టడం రాలేదు, పిల్లలు నవ్వారు, ఆయనా నవ్వారు. ఎదుటి బల్ల మీద ఒక పల్లె నుండి వచ్చిన రైతు, ఆయన కొడుకు కూర్చుని ఉన్నారు. ఆ రైతు మా బల్ల మీది సాస్ సీసా అడిగాడు. పెద్దాయన అందించారు. అతను తీసుకుని, వాడుకుని, మళ్లీ ఈయన చేతికే ఇచ్చాడు. అంతే జరిగింది. పెద్దాయన తినడం ఆపి కాసేపు ఊరుకున్నారు.

"ఏమైంది పెద్దయ్యా, కారమెక్కువైందా?" అని మేము అడిగాము.

"కారం కాదులే అయ్యగారూ. నా చిన్నతనంలో మా ఊరి టీ హోటల్లో మా గ్లాసులు చూరులో చెక్కి ఉండేటివి. మేమే తీసుకోవాల, మేమే కడిగి పెట్టాల. తగలకుండా పైనుంచి పోసేటోళ్లు. ఈడ సూడండి. ఆ పిల్లోడు ప్లేటు తెచ్చి నా చేతికిచ్చిపాయె. ఎవరోళ్లని అడగల్యా."

మా పిల్లల నవ్వు ఆగిపోయింది. చూరులో గ్లాసు సంగతి వారికి అంతవరకు తెలియదు. తాతలు చెప్పలేదు. చెప్పడం కూడా బాధే కదా.

ఆ బల్ల ఊరికే రాలేదు. 1950 జనవరి 26న అమలైన రాజ్యాంగంలో 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు అని పేరు పెట్టి మరీ, కులం వల్ల గాని మతం వల్ల గాని వాటిలోకి ఎవరినీ రానివ్వకుండా చేయకూడదని చెప్పింది. అలా రాసి పెట్టవలసి వచ్చిందంటే ఆనాటి హోటళ్లలో ఏమి జరిగేదో అర్థం చేసుకోండి. డాక్టర్ అంబేద్కర్ గారి కోసం, ఆయనతో కూడా ప్రయాసపడినవారి కోసం మేము దేవునికి స్తోత్రము చెల్లిస్తున్నాము.

అయితే ఒక మాట నిదానంగా ఆలోచించండి. ఫాస్ట్ ఫుడ్ బల్ల దగ్గర ఎవరోళ్లని ఎందుకు అడగరు? అక్కడ అడగవలసిన అవసరం లేదు. మన డబ్బు మనం ఇస్తాము, మన ప్లేటు మనం తింటాము, లేచి పోతాము. రేపు ఎదురైతే ఒకరినొకరు గుర్తుపట్టము. చట్టం హోటలు తలుపు తెరిచింది, రూపాయి కులం అడగదు. ఇది మంచిదే. కాని ఇల్లు అనేసరికి సంగతి వేరు. మనిషి పేరు, ఊరు, వాడ అన్నీ మనకు తెలుసు. తెలిసి కూడా వారి ఇంట కూర్చుని, వారు వండిన అన్నం తినాలి. ఆ తలుపు ఏ చట్టమూ తెరవలేదు. క్రీస్తు ప్రేమే తెరవాలి.

మొన్న కోతపండుగ ప్రేమవిందు రోజున ఆరాధన బాగా జరిగింది. అందరూ పాడారు, అందరూ అర్పించారు. వడ్డించే సమయానికి కొన్ని కుటుంబాలు ఇంటి దగ్గర పనుందని లేచి వెళ్లిపోయాయి. ఏటా అవే కుటుంబాలు, ఏటా అదే పని. వారెవరో చెప్పడానికి మేము ఇది రాయడం లేదు. మీరూ లెక్కలు వేయవద్దు. ఆ రోజు తెల్లవారుజామున నాలుగు గంటల నుండి పొయ్యి దగ్గర నిలబడి వండిన స్త్రీల ముఖాలు మాత్రం మేము చూశాము. వారిలో ఆ పెద్దాయన కోడలు ఉంది. మిగిలిన అన్నం గిన్నె మీద మూత పెట్టి ఆమె ఒక్క మాట కూడా అనలేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. వెళ్లిపోయిన కుటుంబాల పిల్లలనే మేము బస్టాండు దగ్గర చూశాము. వీధిలోని స్నేహితులతో కలిసి ఒకే ప్లేటులో నాలుగు ఫోర్కులు పెట్టి ఫ్రైడ్ రైస్ తింటున్నారు. పిల్లలు దాటేసిన గీత దగ్గరే పెద్దలు ఇంకా నిలబడి ఉన్నారు.

పేతురు కూడా ఒకనాడు అలాగే చేశాడు. యొప్పేలో చర్మకారుని ఇంట ఉన్నవాడే, కొర్నేలీ ఇంట దేవుని కార్యం చూసినవాడే, అంతియొకయలో అన్యులైన విశ్వాసులతో కలిసి భోజనం చేస్తూ వచ్చినవాడే, యాకోబు యొద్దనుండి కొందరు వచ్చేసరికి మెల్లగా బల్ల దగ్గరనుండి జరిగిపోయాడు. అతన్ని చూసి బర్నబా కూడా జరిగిపోయాడు. పేతురు బోధ మార్చుకోలేదు. కూర్చునే చోటు మాత్రమే మార్చుకున్నాడు. పౌలు దానిని చిన్న విషయమని ఊరుకోలేదు. సువార్త సత్యము చొప్పున నడవడం లేదని అందరి యెదుట చెప్పాడు. మనుషులు ఏమనుకుంటారో అనే భయం అంతటి అపొస్తలుని కూడా బల్ల దగ్గరనుండి లేపింది. కనుక లేచిపోయినవారిని మేము ద్వేషించము. మా వాళ్లు ఏమంటారో, రేపు సంబంధాలు కలుస్తాయో లేదో అనే భయం మాకు తెలియనిది కాదు. కాని ఆ భయానికి లోబడి ప్రేమవిందును ఖాళీ చేస్తే, నెలకొకసారి మనం తీసుకునే ప్రభువు బల్లకు అర్థమేమిటి? ఒకే రొట్టె విరిచి పుచ్చుకున్న చేతులు ఒకే గిన్నెలోని అన్నం దగ్గరకు వచ్చేసరికి ఎందుకు వెనక్కి పోవాలి?

మన ప్రభువు బల్లను చూడండి. జక్కయ్య ఎవరో ఎరిగే అతని ఇంటికి వెళ్లాడు. తనను అప్పగించబోయేవాడు ఎవరో ఎరిగే బల్ల దగ్గర కూర్చున్నాడు. మన సంగతి అంతా తెలిసిన తరువాత కూడా రమ్మని పిలిచే బల్ల అది ఒక్కటే.

అందుచేత ఈ నెలలో ప్రతి కుటుంబమూ ఒక పని చేయండి. మీరు ఇంతవరకు అన్నం తినని ఒక విశ్వాసి ఇంటికి భోజనానికి వెళ్లండి. టీ తాగి వచ్చేయవద్దు, కూర్చుని అన్నం తినండి. వారిని మీ ఇంటికి పిలిచి మీ గిన్నెలలో, మీ కంచాలలో పెట్టండి. సంకోచమైతే మాకు చెప్పండి, మేమూ మా ఇంటావిడా మీతో వస్తాము. ఈసారి ఫాస్ట్ ఫుడ్‌కు వెళ్లినప్పుడు, పొయ్యి సెగలో నిలబడిన ఆ తమ్ముడిని "నువ్వు తిన్నావా నాయనా?" అని ఒక మాట అడగండి. అతడు ఇల్లు విడిచి ఎంత దూరం నుండి వచ్చాడో మనకు తెలియదు.

ప్రార్థన: తండ్రీ, మమ్మల్ని నీ బల్ల దగ్గరకు పిలిచినందుకు స్తోత్రము. చూరులో గ్లాసు చూసి కన్నీళ్లు మింగిన మా పెద్దలను ఆదరించుము. మనుష్యుల భయం చేత లేచిపోయినవారిని తిరిగి కూర్చుండబెట్టుము. వచ్చే కోతపండుగలో వండినవారి యెదుట ఏ ఒక్క విస్తరీ ఖాళీగా ఉండకుండునట్లు మా హృదయములను మార్చుము. యేసు నామములో వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.