రోహిణి కార్తె కబుర్లు

కర్తరి మొదలైన దగ్గర్నుంచి మా ఇంట్లో అంకెల గోల ఎక్కువైంది. పొద్దున్నే పేపరు తిప్పి రెంటచింతల ఎంత, రామగుండం ఎంత అని చూసుకోవడం ఏటా ఉన్నదే. దానికి తోడు ఈసారి డాలస్ నుంచి అన్నయ్య పిల్లలు దిగారు. వాళ్ల ఫోన్లు ఇంకా అమెరికా లెక్కలోనే ఉన్నాయి. పెద్దవాడు సోఫాలో కూర్చుని "నాన్నమ్మా, నూట ఏడు!" అని అరిచాడు. అమ్మ గరిటెతో సహా వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి వాడి నుదుటి మీద చెయ్యేసింది. "నూట ఏడేంట్రా, ఒళ్లు చల్లగానే ఉందిగా?"

అమ్మను అనడానికేం లేదు. మన దేశంలో ఊరు సెల్సియస్‌లో కాగుతుంది, ఒళ్లు ఫారెన్‌హీట్‌లో కాగుతుంది. బయట నలభై రెండు, పిల్లాడికి నూట రెండు. ఒకే నోటితో రెండూ అంటాం, ఎవరికీ తికమక ఉండదు. తికమకల్లా అమెరికా నుంచి ఎవరైనా వచ్చి వాతావరణాన్ని కూడా జ్వరం లెక్కలో చెప్పినప్పుడే.

ఈ రెండు పడవల ప్రయాణం మార్చుకోవాలని కొందరు చదువుకున్నవాళ్లు అంటుంటారు. నేనొప్పుకోను. ఒంటికి ఫారెన్‌హీటే బాగుంటుంది. 99 అంటే బడికి పో, 100 అంటే చారన్నం తిని పడుకో, 101 అంటే మాత్ర వేసుకో, 103 అంటే ఆటో పిలవండి. ఒక్కో అంకెకు ఒక్కో పని. అదే సెల్సియస్‌లో అయితే ఈ కథంతా 37కీ 39న్నరకీ మధ్య ఇరుక్కోవాలి. "ముప్పై తొమ్మిది ఉందండీ" అంటే మా అమ్మ "పోన్లే, తగ్గింది" అంటుంది.

అయితే ఆ 98.6 ఉంది చూశారూ, దాని దశాంశం మీద మాత్రం నాకు గౌరవం లేదు. జర్మనీలో వుండర్‌లిష్ అనే డాక్టరు పాతిక వేల మంది రోగుల చంకల్లో థర్మామీటర్లు పెట్టి చూసి, 1868లో పుస్తకం వేశాడు. ఆయన తేల్చిన సగటు 37. దాన్ని ఫారెన్‌హీట్‌లోకి మారిస్తే 98.6 వచ్చింది. అంటే ఆ పాయింట్ ఆరు ఒంట్లోంచి వచ్చింది కాదు, లెక్కలోంచి వచ్చింది. ఇక 98.8 చూసి కంగారుపడే తల్లులకు ఏం చెప్పాలి?

ఫారెన్‌హీట్ దొరవారు 1686లో డాంజిగ్‌లో పుట్టారు. 1714లో పాదరసం థర్మామీటరు చేశారు, 1724లో కొలమానం ప్రకటించారు. ఆయన సున్నా ఎక్కడిదంటే మంచు, నీళ్లు, నవసారం కలిపిన చల్లదనం. నవసారమంటే, నాటుసారా దాడుల వార్తల్లో బెల్లంతో పాటు పట్టుబడుతుందే, అదే. సెల్సియస్‌ది ఇంకా తమాషా. స్వీడన్‌లో ఉప్సాలా ఊరి ఖగోళ శాస్త్రవేత్త ఆయన. 1742లో మొదట ఆయన పెట్టిన లెక్కలో నీళ్లు మరిగేది సున్నా దగ్గర, గడ్డకట్టేది వంద దగ్గర. 1744లో ఆయన పోయాక దాన్ని తలకిందులు చేశారు. చెయ్యకపోయి ఉంటే ఈ రోహిణి కార్తెలో "ఎండ దారుణంగా యాభై అయిదుకు పడిపోయింది, జాగ్రత్త" అని టీవీల్లో చెప్పేవాళ్లు. లంబసింగికి జనం "వంద కొట్టిందట, పదండి" అని దుప్పట్లు సర్దుకుని వెళ్లేవాళ్లు.

అమెరికా బంధువులున్న ఇళ్లకు ఒక చిట్కా. సెల్సియస్‌ను రెట్టింపు చెయ్యండి, అందులో పదో వంతు తీసెయ్యండి, 32 కలపండి. 42 అయితే 84, ఎనిమిదీ పాయింట్ నాలుగు పోతే 75.6, కలిపితే 107.6. కాలిక్యులేటరు చెప్పేదీ అంతే. రెండు లెక్కలూ ఒక్కటయ్యేది మైనస్ నలభై దగ్గర. మిన్నెసోటా చలికాలంలో ఉండే మనవాళ్లకైతే ఆ సమానత్వంతో పని పడొచ్చు. మనకు అవసరం లేదు.

మా వీధిలో ఇంకో పోటీ నడుస్తోంది. ఎదురింటాయన కారు తెర మీద 49 చూపించిందని ఫొటో తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాడు. వాతావరణ శాఖ ఆ రోజు 43 అంది. "దాచేస్తున్నారండీ" అని ఆయన అభిప్రాయం. దాచడానికేముంది? వాళ్ల థర్మామీటరు తెల్లటి చెక్క పెట్టెలో, నేలకు నాలుగడుగుల ఎత్తున, గాలాడే పలకల మధ్య నీడలో ఉంటుంది. ఆ పెట్టె రూపకర్త థామస్ స్టీవెన్‌సన్, ట్రెజర్ ఐలాండ్ రాసిన స్టీవెన్‌సన్ నాన్న. కారుది బంపరు వెనక, కాలే తారు రోడ్డు పక్కన, సిగ్నల్లో ముందు బండి పొగ తింటూ ఉంటుంది. ఒకటి గాలిని కొలుస్తోంది, ఒకటి ట్రాఫిక్‌ను. వడగాడ్పు అనడానికి కూడా శాఖకు లెక్కలున్నాయి: మైదానాల్లో కనీసం 40 ఉండి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు మించాలి. లేదా ఏకంగా 45 తాకాలి. బెజవాడలో 39కే ప్రాణం పోతున్నట్టుండేది ఉక్కపోత వల్ల. ఏ ఒక్క అంకె చూసినా అది తెలియదు.

ఏసీల సంగతి కూడా చెప్పుకుని పోదాం. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తున్న ఏసీలు ఆన్ చెయ్యగానే 24 దగ్గర మొదలవ్వాలని నిబంధన. మా ఇంట్లో ఆ 24 బతికేది రిమోట్ పిల్లల చేతికి వచ్చేదాకానే. 2025 జూన్‌లో కేంద్ర మంత్రి మనోహర్‌లాల్ ఖట్టర్ ఏసీలను 20కీ 28కీ మధ్యే బిగించేస్తామన్నప్పుడు, పదహారులో దుప్పటి కప్పుకునే జాతి మొత్తం ఉలిక్కిపడింది. నేను సంతోషించాను. కరెంటు బిల్లు కట్టేది నేను కదా.

ఇక మధ్యాహ్నం పన్నెండు దాటితే బయటికి పోలేక అందరం ఫోన్ల మీద పడతాం. ఎండాకాలం వీడియోల పంట చేతికొచ్చేది అప్పుడే. పగుళ్లిచ్చిన నేల బొమ్మ, దాని మీద ఎర్ర బాణం, నోరు తెరిచిన యాంకరు, "రాబోయే మూడు రోజులు బయటికి వస్తే అంతే సంగతులు". లోపల ఉండేది వాతావరణ శాఖ ఆరెంజ్ అలర్ట్ ఇచ్చిందన్న ఒక్క వాక్యం. ఆ వాక్యాన్ని ఎనిమిది నిమిషాల పైచిలుకు ఎందుకు సాగదీస్తారంటే, ఎనిమిది నిమిషాలు దాటిన వీడియోకే యూట్యూబ్ మధ్యలో యాడ్లు పెట్టుకోనిస్తుంది. 2020 వరకు అది పది నిమిషాలు. ఆ రెండు నిమిషాలైనా తగ్గించినందుకు మనం దణ్ణం పెట్టాలి.

ఏటా తిరిగొచ్చే చుట్టాలు కొన్ని ఉన్నాయి. "ఎండాకాలంలో పెట్రోలు ట్యాంకు నిండా కొట్టిస్తే పేలిపోతుంది" అనేది ఒకటి. కంపెనీ చెప్పిన గరిష్ఠ మట్టం వరకు ఏ కాలంలోనైనా నింపుకోవచ్చని ఇండియన్ ఆయిల్ ఎన్నిసార్లు వివరణ ఇచ్చినా, మే వచ్చేసరికి అది మళ్లీ గ్రూపుల్లో లేచి కూర్చుంటుంది. రోడ్డు మీద ఆమ్లెట్ వేసే వీడియో ఇంకొకటి. కోడిగుడ్డు తెల్లసొన గట్టిపడడానికే అరవై డిగ్రీలు దాటాలి, పచ్చసొనకు ఇంకా పైన. మిట్టమధ్యాహ్నం తారు ఆ దరిదాపులకు వెళ్తుంది గానీ, గుడ్డు పడగానే ఆ చోటు కాస్తా చల్లబడుతుంది. మిగిలేది ఎండిన జిగురు. వీడియోలో గలగలా ఉడుకుతోందంటే ఆ పెనం అంతకుముందు ఎక్కడ కూర్చుని వచ్చిందో అడగాలి. మాకు జులైలో రావాల్సిన సందేశం కూడా ఈసారి ముందే వచ్చేసింది: భూమి సూర్యుడికి దూరమవుతోందట, చలితో జబ్బులొస్తాయట. జులై మొదట్లో దూరమవడం నిజమే. జనవరిలో 14.7 కోట్ల కిలోమీటర్లుండేది 15.2 కోట్లవుతుంది. ఏటా అవుతూనే ఉంది. ఉత్తరార్ధ గోళమంతా అప్పుడే కదా చెమటలు కక్కేది!

వీడియో కింద వ్యాఖ్యల్లో ఇంకో లోకం. వాన ఎప్పుడొస్తుందని చూస్తుంటే, కింద ఒకాయన ఫలానా మేడమ్ సలహాతో పెట్టుబడి పెట్టి లక్షలు గడించానంటాడు. వెంటనే మరో అయిదుగురు "ఆవిడ నాకూ తెలుసు, దేవత" అని వంత పాడతారు. ఆరుగురూ ఒకే మరబొమ్మ. చానెల్ వాళ్ల పేరు, బొమ్మ పెట్టుకుని "మీరు బహుమతి గెలిచారు" అనే బాపతు ఒకటి ఉండేది. చందాదారుల సంఖ్య దాచుకునే వీలును యూట్యూబ్ 2022లో తీసేసింది కాబట్టి ఆ ముసుగు కాస్త పలచబడింది. నాకైతే మరబొమ్మల మీద కోపం లేదు. వాటిని చూడగానే తెలిసిపోతుంది. భయమంతా "ఇంట్లో కూర్చుని వీడియోలకు లైకులు కొట్టండి, డబ్బులిస్తాం" అనే పిలుపుల గురించే. సెలవుల్లో ఖాళీగా ఉన్న డిగ్రీ పిల్లలే దీనికి ఎర. మొదట నిజంగానే నూటయాభయ్యో రెండొందలో ఖాతాలో పడతాయి. ఆ తర్వాత టెలిగ్రామ్ గ్రూపులోకి చేర్చి, పెద్ద పనికి ముందు డిపాజిట్ కట్టమంటారు. తెర మీద లాభం పెరుగుతూ ఉంటుంది, తీసుకోబోతే ఇంకో డిపాజిట్. మీ ఇంట్లో ఎవరైనా అంతదాకా వెళ్తే తిట్టడం తర్వాత, ముందు 1930కి ఫోన్ చెయ్యండి. డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం తొలి గంటల్లోనే ఎక్కువ.

పిల్లల్ని ఈ ఫోన్ల నుంచి లాగడానికి లేజర్ ట్యాగ్‌కు తీసుకెళ్లాం. మాల్ పై అంతస్తులో చీకటి గది, పొగ, ఊదారంగు దీపాలు, చెవులు చిల్లులు పడే పాట. చొక్కాల మీద దీపాల కవచం తగిలించి, చేతికి తుపాకీ ఇస్తారు. మా డాలస్ వాళ్లకు ఇది విదేశీ వింత కాదు, వాళ్ల ఊరి ఆటే. జార్జ్ కార్టర్ అనే ఆయన స్టార్ వార్స్ సినిమా చూసిన ఊపులో ఆలోచించి, ఫోటాన్ పేరుతో 1984లో మొదటి కేంద్రం తెరిచింది డాలస్‌లోనే. ఈ మాట చెప్తే పెద్దవాడు నమ్మలేదు. ఫోన్లో చూసుకుని, "అవును బాబాయ్" అని కాసేపు ఊరి గర్వం పడ్డాడు.

కాసేపు బెంచీ మీద, కాసేపు లోపల ఉండి నేను గమనించిన యుద్ధతంత్రం ఇది. పొగలో కనిపించే ఎర్రటి గీత షోకు మాత్రమే. అసలు దెబ్బ కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్‌ది. ఛాతీ, వీపు, భుజాల మీది గ్రాహకాలు, చాలా చోట్ల తుపాకీ మీదిది కూడా, ఆ కిరణం ఎవరిదో గుర్తుపట్టి లెక్క రాస్తాయి. కాబట్టి ఎదురుగా రొమ్ము విరుచుకుని నిలబడేవాడు వీరుడు కాదు, బోర్డు. పక్కకు తిరిగి నిలబడాలి. కొత్తవాళ్లంతా మెట్లెక్కి పైనున్న బురుజు పట్టుకుంటారు. అక్కణ్నుంచి అందరూ కనిపిస్తారు నిజమే, అందరికీ వాళ్లూ కనిపిస్తారు, దిగడానికి మెట్లు ఒక్కటే. దెబ్బ తగిలాక తుపాకీ కొన్ని సెకన్లు మూగబోతుంది. చాలామంది ఆ కాసేపు ఉసూరుమని అక్కడే నిలబడతారు, దీపాలు వెలగ్గానే రెండో దెబ్బ తింటారు. ఆ సెకన్లే చోటు మారడానికి దొరికిన సెలవు. మా చిన్నది ఈ విద్య పది నిమిషాల్లో పట్టేసింది. గోడకున్న అద్దం మీదికి గురిపెట్టి మూల వెనక దాక్కున్న అన్నను కొట్టేసింది కూడా. అద్దం కిరణాన్ని తిప్పికొడుతుందని దానికి ఎవరు చెప్పారో!

తెల్లచొక్కా వేసుకొచ్చిన ఓ నాన్నగారి పాట్లు మాత్రం చూడలేకపోయాం. బట్టల పొడిలో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు ఆ ఊదా వెలుగులో మెరుస్తాయి. ఆయన ఏ స్తంభం వెనక నక్కినా పౌర్ణమే. అసలు ఆట గెలిపించింది భాష. మా చెల్లెలి పిల్లలు "బొక్కలోంచి చూస్తున్నాడ్రా, కుడిచేతి గుంజ వెనక నక్కు" అని తెలుగులో కేకలేసుకుంటుంటే, డాలస్ జట్టుకు సగమే అందింది. వాళ్ల ఇంగ్లీషు వ్యూహం అందరికీ అందింది. ఇదే ఆట ఆరుబయట పెట్టే చోట్లూ ఉన్నాయి గానీ పట్టపగలు వెళ్లకండి. వడదెబ్బ ఒక్కటే కాదు, ఎండలో బోలెడంత ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కాబట్టి గ్రాహకాలకు మీ తుపాకీ మాట వినపడదు. దూరం తగ్గిపోతుంది.

ఆ కనిపించని వెలుగును పట్టుకుంది కూడా థర్మామీటరే. యురేనస్‌ను కనిపెట్టిన విలియం హెర్షెల్ 1800లో పట్టకంతో ఎండను రంగులుగా విడగొట్టి, బుడ్డీలకు నల్లరంగు పూసిన థర్మామీటర్లతో ఏ రంగు ఎంత వేడో కొలిచాడు. ఎరుపుకు అవతల, ఏ రంగూ లేని చోట పెట్టినది అన్నిటికంటే పైకెక్కింది. 2020లో మన నుదుళ్లకు గురిపెట్టిన తెల్ల పిస్తోలు పనిచేసిందీ దానితోనే. ఆటలో తుపాకీ ఇన్‌ఫ్రారెడ్‌ను పంపిస్తుంది, ఆ పిస్తోలు మన ఒంటి నుంచి వచ్చేదాన్ని పట్టుకుంటుంది. ఎండలోంచి వచ్చినవాడికి జ్వరం ఉన్నట్టు, ఏసీ కారు దిగినవాడికి ప్రాణమే లేనట్టు చూపించినా, కాపలా అబ్బాయి గంభీరంగా అంకె రాసుకుని లోపలికి పంపేవాడు.

మృగశిర దగ్గరికొచ్చేసింది. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం క్యూలకు కర్రలు కడతారు. అది ఉబ్బసానికి మందా కాదా అనే వాదం కూడా వాటితో పాటే లేస్తుంది. నాది కాదనే పక్షం. కొర్రమీను కూరకు మాత్రం నేనెప్పుడూ వ్యతిరేకిని కాను. తూర్పు తీరంలో జూన్ 14 దాకా వేట నిషేధం, సముద్రపు చేప సరిగా రాదు, కార్తె రోజు రామ్‌నగర్ మార్కెట్లో చెరువు చేప ధర ఎక్కడుంటుందో మీకు తెలుసు. ఒక రోజు ముందే తెచ్చి ఫ్రిజ్‌లో పెడదామన్నాను. "ఫ్రిజ్ ఎన్ని డిగ్రీల్లో ఉందో ముందు చూడు" అంది అమ్మ. చూశాను. అందులో ఒకటి నుంచి అయిదు దాకా అంకెలున్నాయి, అవి ఏ దొర డిగ్రీలో రాయలేదు.